ఇంటి పనుల పాఠాలు – 4: డిటర్జెంట్ సీసా కారకుండా

క్రితం పాఠంలో మూత లోపలి గీతలు చూసి లిక్విడ్ డిటర్జెంట్ ఎంత పోయాలో నేర్చుకున్నాం. ఈసారి పోయడం అయ్యాక మొదలయ్యే తలనొప్పి చూద్దాం. సీసా పక్క నుంచి కారిన చార, చేతికి జిగురు, అరకు అతుక్కుపోయిన అడుగు. చాలామంది కింద ఒక పళ్లెం పెట్టి సరిపెట్టుకుంటారు. నన్నడిగితే పళ్లెం ఆఖరి ఉపాయం. ముందు సీసా మూతి దగ్గరే ఆపాలి, అక్కడ తప్పించుకున్నదాన్ని మెడ దగ్గర పట్టాలి, అప్పటికీ మిగిలితే పళ్లెం.

పని మొదలుపెట్టే ముందు ఒకసారి డిటర్జెంట్ పోసి, సీసా నిలబెట్టి, మూత పెట్టకుండా మూతి అంచును గమనించండి. ధార ఆగిపోయినా అంచు మీద ఒక బొట్టు మిగులుతుంది. అది లోపలికి పోదామా బయటికి పోదామా అన్నట్టు కాసేపు వేలాడి, మెల్లగా బయటి గోడ పట్టుకుని దిగుతుంది. నీళ్లయితే ఇంతగా అంటుకోవు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి తలతన్యత (అంటే పై పొర బిగువు) మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. డిటర్జెంట్ కలిస్తే అది 30 చుట్టుపక్కలకు పడిపోతుంది. అందుకే ఈ ద్రవం బొట్టుగా విడిపోకుండా ప్లాస్టిక్ మీద పరుచుకుంటుంది. బట్టలోని మురికి దాకా చొచ్చుకుపోవడానికి పనికొచ్చే గుణమే ఇక్కడ మనకు చాకిరీ పెడుతోంది.

దీనికి పోసే తీరు కూడా తోడవుతుంది. భయంభయంగా, సన్నగా వంచితే ధార అంచును వదలకుండా వెనక్కి తిరిగి సీసా కింది వైపు పాకుతుంది. టీ కెటిల్ ముక్కు నుంచి టీ కిందికి కారేదీ ఇందుకే. 1956లో మార్కస్ రైనర్ అనే శాస్త్రవేత్త దీనికి ‘టీపాట్ ఎఫెక్ట్’ అని పేరు పెట్టాడు. కాబట్టి సీసాను ధైర్యంగా వంచండి. కావలసిన గీత దగ్గరికి వస్తుండగానే మణికట్టును కొద్దిగా తిప్పుతూ సీసాను చటుక్కున పైకెత్తండి. అలాగే రెండు మూడు క్షణాలు మూత అంచుకు సీసా మూతిని ఆనించి ఉంచితే చివరి బొట్టు మూతలోకే పోతుంది. చేయి అలవాటు పడేదాకా ఖాళీ సీసాలో కాస్త నీళ్లు పోసుకుని సింకు మీద సాధన చేయండి.

ఇప్పుడు మెడ లోపలికి తొంగి చూడండి. చాలా సీసాల్లో మధ్యన ఒక ముక్కు, దాని చుట్టూ గాడి, ఆ గాడిలో ఒక పక్క చిన్న చిల్లు ఉంటాయి. కారిన డిటర్జెంట్ గాడిలో పడి, ఆ చిల్లు గుండా తిరిగి సీసాలోకి దిగాలని కంపెనీవాళ్ల ఏర్పాటు. అయితే ఎండిన డిటర్జెంట్ గట్టిపడి చిల్లును మూసేస్తుంది. గాడి నిండుతుంది, మూత బిగించగానే అదంతా మూత తిరిగే మరల మీదుగా బయటికి పొంగుతుంది. సీసా పగిలిందేమో అని అనుమానపడే ముందు ఇది చూడండి. గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన పాత టూత్‌బ్రష్‌తో గాడి తోమి, టూత్‌పిక్‌తో చిల్లు తెరవండి. నా అనుభవంలో సగం సీసాల రోగం ఇక్కడే కుదురుతుంది. పనిలో పనిగా మూతనూ కడిగి, తడి దులిపి పెట్టండి.

మెడకు కట్టేది పాత సాక్సు. పైన ఎలాస్టిక్ ఉన్న భాగాన్ని నాలుగు వేళ్ల వెడల్పున కత్తిరించి, మూత తిరిగే మరలకు కాస్త కిందగా తొడగండి. మరల మీదికి ఎక్కితే మూత సరిగా బిగుసుకోదు, జాగ్రత్త. మెడ మరీ లావుగా ఉంటే టవల్ ముక్క చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. గుడ్డ తడిసి బరువెక్కితే తీసి బట్టలతో పాటు మెషిన్‌లో వేసేయండి. అది పీల్చుకున్నది డిటర్జెంటే కదా, వృథా కూడా పోదు. రంగు దిగే సాక్సు మాత్రం వద్దు.

అడ్డంగా పడుకోబెట్టి, బటన్ నొక్కి పట్టుకునే కుళాయి క్యాన్ల సంగతి వేరు. బటన్ వదిలాక కుళాయి కొనలో మిగిలిన ఒకటి రెండు బొట్లు కారడం మామూలే. దాని కింద ఏదైనా డబ్బా మూత పెట్టి, అందులో స్పాంజి ముక్క పరిస్తే చాలు. నిజంగా లీకవుతోందా అన్న టెన్షన్ ఉంటే కుళాయిని పొడిగా తుడిచి, రాత్రికి కింద కాగితం పరచండి. తెల్లారేసరికి చిన్న మరక ఉంటే ఫర్వాలేదు, మడుగు కట్టి ఉంటే కుళాయి లోపల సరిగా మూసుకోవడం లేదన్నమాట.

అప్పుడు క్యాన్ పై వైపున గాలి మూత ఉందేమో వెతకండి. వాడేటప్పుడు దాన్ని తెరిస్తే ధార సాఫీగా వస్తుంది, మూసి ఉంటే గుటగుటమంటూ ఆగి ఆగి వస్తుంది. వాడకం అయ్యాక దాన్ని బిగించండి. బొట్లు కారేకొద్దీ లోపల గాలి పలచబడి, ఆ లోటు ద్రవాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఎండ తగిలేచోట మాత్రం ఇది తిరగబడుతుంది. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి బొట్లను బయటికి నెడుతుంది. క్యాన్‌ను నీడలో పెట్టండి. అయినా కారుతుంటే కుళాయి పైకి వచ్చేలా నిలబెట్టి ఉంచడమే మార్గం.

రీఫిల్ ప్యాకెట్ నుంచి ఒంపేటప్పుడు ప్లాస్టిక్ సీసా పై సగం కోసి బోర్లిస్తే గరాటు తయారు. డిటర్జెంట్‌ను నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో మాత్రం ఎప్పుడూ పోయకండి. పిల్లలు తాగేస్తారు.

ఇప్పటికే కారి ఉన్నదాని మీద నీళ్లు గుమ్మరించకండి. నురగ లేచి నేలంతా జారుడవుతుంది. ముందు పాత అట్టముక్కతో గీకి ఎత్తండి, పొడిగుడ్డతో తుడవండి, తడిగుడ్డ ఆ తర్వాత.

ఈ వారం అభ్యాసం: సీసాను శుభ్రంగా తుడిచి తెల్ల కాగితం మీద పెట్టండి. మొదట మణికట్టు ఉపాయం ఒక్కటే వాడండి. మరక పడితే గాడి శుభ్రం చేసి కొత్త కాగితం వేయండి. అప్పటికీ పడితేనే సాక్సు తొడగండి. మీ సీసా ఎక్కడ కారుతోందో మీకే తెలుస్తుంది. వచ్చే పాఠం పౌడర్ వాడేవాళ్లకు: డబ్బాలో అది గడ్డ కట్టకుండా ఏం చేయాలో చూద్దాం.