వాలు – 3వ పాఠం: కొసలు సరిపోయినా పైపు మధ్యలో నీళ్లెందుకు నిలుస్తాయి?

ముందు పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క చూసేద్దాం: రెండు బిందువులను కలిపే రేఖ వాలు ఎంత? వాలంటే నిలువు మార్పును (పైన) అడ్డం మార్పుతో (కింద) భాగించగా వచ్చేది, దిగితే మైనస్. (2, 3), (6, 1) బిందువులను కలిపే రేఖ అడ్డంగా 4 నడిచి, నిలువుగా 2 దిగింది, కాబట్టి వాలు −1/2. రెండో బిందువుతో మొదలుపెట్టినవాళ్లకు పైన 3 − 1, కింద 2 − 6 వస్తుంది, భాగిస్తే మళ్లీ అదే −1/2. ఏ బిందువుతో మొదలుపెట్టినా పర్లేదు, కానీ పైన ఒక వరుస, కింద ఇంకో వరుస పెడితే మాత్రం గుర్తు తారుమారైపోతుంది. పరీక్షలో మార్కులు అనవసరంగా పోయేది ఇలాంటి చోటే.

ఇక పైపు సంగతి. లెట్రిన్ నుంచి బయట చాంబర్ దాకా వేసే 4 అంగుళాల పైపుకి చాలాకాలంగా వాడుతున్న లెక్క 40కి 1. అంటే 40 అంగుళాలు ముందుకెళ్తే అంగుళం దిగాలి, మీటర్లలో అయితే మీటరుకు 25 మిల్లీమీటర్లు. 6 అంగుళాల పైపుకైతే 60కి 1. కోణంగా చూస్తే 40కి 1 అనేది ఒకటిన్నర డిగ్రీ కూడా ఉండదు, కంటికి ఆనదు, అందుకే పైపుల పనిలో డిగ్రీల ఊసే రాదు. మరి పొడవు పైపు వెంబడి కొలవాలా, నేల మట్టంగా కొలవాలా అని అనుమానం రావచ్చు. జ్యామితి ప్రకారం నేల మట్టంగానే కొలవాలి, కానీ ఇంత తక్కువ వాలులో 10 మీటర్లకు వచ్చే తేడా 3 మిల్లీమీటర్లే, కాబట్టి టేపు పైపు మీదే పరిచేయండి.

అసలు పాఠం ఇక్కడుంది. సరళరేఖ మీద ఏ రెండు బిందువులు తీసుకున్నా వాలు ఒక్కటే వస్తుంది. పుస్తకంలో ఒక వాక్యంగా చదివేసి వదిలేస్తాం గానీ, పైపు పూడుకుపోతుందా లేదా అన్నది చాలావరకు తేలేది దీనితోనే.

6 మీటర్ల పైపు ఒకటి అనుకోండి. పైపు కోసం తవ్విన కాలువ మీద లెవల్ ట్యూబుతో (నీళ్లు నింపిన పారదర్శక గొట్టంతో) మట్టం చూసి దారం కట్టి, దారం నుంచి పైపు వీపు దాకా మీటరు మీటరుకీ కొలిస్తే వరుసగా ఇలా వచ్చాయి: 300, 325, 350, 400, 385, 425, 450 మిల్లీమీటర్లు. మొదటిదీ చివరిదీ చూస్తే తేడా 150, దూరం 6000, అంటే కచ్చితంగా 40కి 1. మేస్త్రీ ఈ రెండు కొసలే చూసి వాటం (వాలు) సరిపోయిందంటాడు. ఇప్పుడు పక్కపక్క కొలతల తేడాలు తీయండి: 25, 25, 50, −15, 40, 25. దారం నుంచి కొలత పెరిగితే పైపు దిగినట్టు, తగ్గితే ఎక్కినట్టు. ఆ −15 చూశారా? మూడో మీటరు నుంచి నాలుగో మీటరుకు పైపు దిగాల్సింది పోయి 15 మిల్లీమీటర్లు ఎక్కింది. మూడో మీటరు దగ్గర నీళ్లు ఎప్పటికీ నిలిచే ఉంటాయి, సబ్బు, జిడ్డు, ఇసుక అక్కడే పేరుకుంటాయి, కొన్నాళ్లకు పైపు మూసుకుపోతుంది.

అలా ఎందుకు కుంగుతుంది? పైపులు 3 మీటర్ల ముక్కలైతే జాయింటు సరిగ్గా అక్కడే పడుతుంది. సాకెట్, అంటే రెండో ముక్క దూరే వెడల్పు కొస, లావుగా ఉంటుంది కాబట్టి దాని కింద మట్టి కాస్త తవ్వుతారు, మళ్లీ ఆ గుంటను సరిగ్గా దిమ్మిస కొట్టి నింపరు, పైన మట్టి బరువు పడగానే పైపు దిగిపోతుంది. అవతల కింద ఇటుక ముక్క ఉందంటే అక్కడ ఎత్తుగానే ఉండిపోతుంది. అందుకే మట్టి పూడ్చకముందు మీటరు మీటరుకీ కొలవమని అడగండి, మొహమాటపడొద్దు. ఫ్లోరింగ్ అయ్యాక పగలగొట్టడం కంటే అప్పుడు అరగంట ఆలస్యం కావడమే నయం.

దారం కట్టే ఓపిక లేకపోతే 600 మిల్లీమీటర్ల రసమట్టం చాలు. దాని దిగువ కొస కింద 15 మిల్లీమీటర్ల మందం ఉన్న చెక్క ముక్క పెట్టి పైపు మీద ఉంచండి, బుడగ మధ్యలోకి వస్తే ఆ ముక్క మేరకు వాలు 40కి 1 ఉన్నట్టే. సాకెట్ మీద పెట్టొద్దు, అక్కడ లావు వేరు, లెక్క తప్పుతుంది.

వాలు ఎంత ఎక్కువైతే అంత మంచిదేగా అని చాలామంది అడుగుతారు. ఎక్కువైతే నీళ్లు ముందే పారిపోయి మలం వెనక ఉండిపోతుందని ఒక మాట ఉంది, నాకు దాని మీద అంత నమ్మకం లేదు, మేడ మీది నుంచి నిలువుగా వచ్చే పైపులో అన్నీ దిగుతూనే ఉన్నాయి కదా. నిజమైన ఇబ్బంది లోతు. 20కి 1 పెడితే 14 మీటర్లకు 700 మిల్లీమీటర్లు దిగాలి, వీధిలో డ్రైనేజీ అంత లోతులో ఉండొద్దూ!

వచ్చే పాఠానికి లెక్క: ఇంటి దగ్గర 4 అంగుళాల పైపు అడుగు నేల మట్టానికి 400 మిల్లీమీటర్ల కింద ఉంది. 14 మీటర్ల దూరంలో వీధి మ్యాన్‌హోల్‌లోకి అది చేరాల్సిన చోటు అదే మట్టానికి 700 కింద ఉంది. 40కి 1 కుదురుతుందా? కుదరకపోతే ఎంత వాలు దొరుకుతుంది, ఇంటి దగ్గర పైపును ఎంత పైకి జరిపితే 40కి 1 వస్తుంది? కాగితం మీద బొమ్మ గీసుకుని చేయండి. వచ్చే పాఠంలో బాత్రూం గచ్చు చూద్దాం, అక్కడ వాలు ఒక్క దిక్కుకు కాదు, నాలుగు వైపుల నుంచీ ట్రాప్ (నీళ్లు బయటికి పోయే జాలీ) వైపుకి రావాలి.