ఇంటర్వ్యూ రికార్డింగుల్లో పేరు తీసేస్తే సరిపోదు

ఊళ్లో తీసుకున్న ఇంటర్వ్యూల గోప్యత చాలాసార్లు ఫైలు పేరు దగ్గరే పోతుంది. ఫోన్ కాల్ రికార్డింగ్ అయితే కాంటాక్ట్ పేరో నంబరో ఫైలు పేరులోనే చేరిపోతుంది. అందుకే రికార్డింగ్‌కు ముందే క్లౌడ్ బ్యాకప్ ఆపేయండి. ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకోగానే ఫైలుకు ‘మ07’ లాంటి కోడ్ పెట్టండి. ఏ కోడ్ ఎవరిదో చెప్పే పట్టికను ఫైళ్లను పాస్‌వర్డ్‌తో మూసే వెరాక్రిప్ట్ సాఫ్ట్‌వేర్‌తో లాక్ చేసి, వేరే పెన్‌డ్రైవ్‌లో దాచండి. టైపిస్టుకు వాట్సాప్‌లో ఆడియో పంపడం మాత్రం వద్దే వద్దు.

అనుమతి అడిగేటప్పుడు మూడు విషయాలు విడివిడిగా అడగండి: రికార్డు చేయవచ్చా, మీ మాటలు యథాతథంగా వాడుకోవచ్చా, ఆడియో ఎన్నాళ్లు ఉంచుకోవచ్చు? మధ్యలో వచ్చి అరుగు మీద కూర్చున్న పక్కింటావిడ గొంతూ రికార్డవుతుంది. ఆవిడనూ అడగాలి, లేదా ఆ భాగం తీసేయాలి.

మాటలను రాతగా మార్చే విస్పర్ మోడల్‌ను నెట్ లేకుండా సొంత కంప్యూటర్లోనే నడపవచ్చు. 16 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో వావ్ ఫైలు ఇవ్వండి. గంటకు సుమారు 115 ఎంబీ అవుతుంది. యాస మాటల దగ్గర అది తడబడుతుంది, నిశ్శబ్దంలో ఎవరూ అనని వాక్యాలు పుట్టిస్తుంది. కాబట్టి ఆడియో వింటూ పక్కనే రాత చూసుకునే ఈలాన్ సాఫ్ట్‌వేర్‌లో వింటూ ప్రతి వాక్యం సరిచూడాలి. అప్పుడే ‘గుర్తులు’ అని ఇంకో టయర్ (వేరే రాత వరుస) తెరిచి పేర్లు, ఊళ్లు, ఫోన్, ఆధార్ నంబర్లు వచ్చిన చోటల్లా గుర్తు పెట్టండి.

మారుపేర్లు పెట్టడంలోనే తెలుగు ఇబ్బంది పెడుతుంది. ‘సీత’ను ‘గీత’గా ఒక్క నొక్కుతో మార్చేస్తే సీతాఫలం కాస్తా గీతాఫలం అవుతుంది. ‘సత్యం’ అని వెతికితే ‘సత్యానికి’, ‘సత్యాన్ని’ దొరకవు. అందుకని ‘సత్య’ వరకే ఇచ్చి వెతకండి, ఒక్కోటీ చూసి మార్చండి.

ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో పేరున్న భాగాన్ని ఎంచుకుని కంట్రోల్, ఎల్ నొక్కితే అక్కడ నిశ్శబ్దం వస్తుంది. పేరుకు అటూ ఇటూ కాస్త ఎక్కువే తీసుకోండి, లేకపోతే మొదటి అక్షరం వినబడుతూనే ఉంటుంది. స్వరపు ఎత్తుపల్లాలు విశ్లేషణకు కావాలంటే ధ్వనిని పరిశీలించే ప్రాట్ సాఫ్ట్‌వేర్‌లో పిచ్ (స్వర స్థాయి) తీసి, దాన్ని మాటలు లేని హమ్ శబ్దంగా మార్చి ఆ చోట అతికించండి. గొంతు మొత్తానికి పిచ్ మార్చడాన్ని నమ్ముకోవద్దు. వెనక్కి మార్చేస్తే అసలు గొంతుకు దగ్గరగా వచ్చేస్తుంది. మార్చకపోయినా మాట తీరును బట్టి తెలిసినవాళ్లు పోల్చుకుంటారు.

అసలు చిక్కు బంధుత్వాలూ పదవులూ. ‘మా మేనమామ సర్పంచ్‌గా చేసినప్పుడు’ అన్న ఒక్క మాట చాలు, ఊరివాళ్లకు మనిషి తెలిసిపోవడానికి. దాన్ని ‘దగ్గరి బంధువు పంచాయతీ పదవిలో ఉన్నప్పుడు’ అని మార్చి, మార్చినట్టు చదరపు బ్రాకెట్లలో చూపండి. ఊళ్లో ఒక్కరే ఉండే అంగన్‌వాడీ టీచర్‌ను ‘ప్రభుత్వ పథకంలో పనిచేసే వ్యక్తి’ అనండి. చివరగా, ఆ ప్రాంతం ఎరిగి, గోప్యతకు కట్టుబడిన బృంద సభ్యుడికి ప్రతి ఇచ్చి ‘ఇదెవరో పోల్చగలవా?’ అని అడగండి. పోల్చగలిగితే, ఏ మాట పట్టించిందో అడిగి, ఆ మాట దగ్గర మళ్లీ మొదలుపెట్టండి.