గీజరు నుంచి చుక్కలు, సన్నబడిన ధార, షాకు: కారణాలు, పరిష్కారాలు

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో గీజరు బిగింపు చాలావరకు ప్లంబరు ఒక పూట, ఎలక్ట్రీషియన్ మరో పూట వచ్చి ఎవరి పని వారు ముగించుకుని వెళ్లే వ్యవహారంగా సాగుతోంది. నీటి ఒత్తిడి సంగతి ఒకరికి పట్టదు, ఎర్తింగ్ సంగతి మరొకరికి పట్టదు. ఆ ఇద్దరి మధ్య మిగిలిపోయిన లోపం ధనుర్మాసపు చలిలో, ఇంటిల్లిపాదీ వేడినీళ్ల కోసం ఎదురుచూసే వేళ బయటపడుతుంది. కింద చెప్పిన ఏ పరిశీలనకైనా ముందు గీజరు ఎంసీబీని (కరెంటు మోతాదు మించితే దానంతట అదే పడిపోయే స్విచ్చిని) దించి, ప్లగ్గు ఊడదీసి, లోపలి నీరు చల్లారేదాకా ఆగాలి. మూత విప్పి లోపలి వైర్లను ముట్టుకునే పనిని ఎలక్ట్రీషియన్‌కే వదిలిపెట్టాలి.

సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడడం

ఎక్కువ మందిని కంగారు పెట్టేది ఇదే. నిజానికి చాలాసార్లు ఇది లోపమే కాదు. నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. 25 డిగ్రీల నీటిని 70 డిగ్రీలకు కాచినప్పుడు దాని పరిమాణం దాదాపు 2 శాతం పెరుగుతుంది, అంటే 15 లీటర్ల గీజరులో సుమారు 300 మిల్లీలీటర్ల నీటికి, 25 లీటర్ల గీజరులో అర లీటరు నీటికి అదనంగా చోటు కావాలి. గీజరుకూ మేడ మీది ట్యాంకుకూ మధ్య అడ్డేమీ లేని ఇళ్లలో ఆ నీరు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఇప్పుడు చన్నీటి పైపు మీద బిగించే సేఫ్టీ వాల్వులోనే నీటిని వెనక్కి పోనివ్వని ఏర్పాటు కూడా ఉంటుంది. వెనక్కి దారి లేక, కొళాయిలు మూసి ఉండి, నీరు నొక్కితే కుదించుకుపోయేది కాదు కనుక ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. వాల్వు మీద బార్ (ఒత్తిడి కొలత) లెక్కలో రాసి ఉన్న పరిమితికి, సాధారణంగా 8 బార్‌కు, చేరగానే వాల్వు కొద్దికొద్దిగా నీటిని బయటకు వదులుతుంది. కాగడం పూర్తయ్యాక చుక్కలు ఆగిపోతే వాల్వు సరిగా పనిచేస్తోందని అర్థం.

గోడ తడుస్తోందని ఆ రంధ్రంలో ఎంసీల్ కూరడం, డమ్మీ బిరడా బిగించడం, వాల్వునే తీసేసి పైపును నేరుగా కలపడం ప్రాణాల మీదికి తెచ్చే పనులు. నీరు కాగాక కరెంటును ఆపే థర్మోస్టాటు, దానికి తోడుగా వేడి మితిమీరితే కరెంటును తెంపే కటౌట్ రెండూ పనిచేయని రోజున నీరు 100 డిగ్రీలు దాటి కాగుతుంది. ఒత్తిడిలో ఉన్నంతసేపూ అది నీరుగానే ఉంటుంది. తొట్టి చీలిన క్షణాన అందులో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరై, తన పరిమాణానికి దాదాపు 1,600 రెట్లు వ్యాపిస్తుంది. స్నానాల గది గోడను పడగొట్టడానికి ఆ శక్తి చాలు. చుక్కల విషయంలో చేయవలసినదల్లా వాల్వు మూతికి ఒక సన్నని గొట్టం తగిలించి, మధ్యలో ఎక్కడా పైకి వంగకుండా, చివరను మూయకుండా, నేల మీది జాలీ దాకా దించడమే. వాల్వుకూ గీజరుకూ మధ్య నీటిని ఆపే మరే వాల్వూ ఉండకూడదు.

గీజరు ఆపి ఉన్నప్పుడు, నీరు చల్లగా ఉన్నప్పుడు కూడా కారుతుంటే అది వేరే సంగతి. ట్యాంకు అడుగున పేరుకున్న ఇసుక, మడ్డి వాల్వు సీటు మీద చేరి అది పూర్తిగా మూసుకోకపోవడం సాధారణ కారణం. నీరు చల్లారాక వాల్వు మీది చిన్న మీటను రెండు మూడు సార్లు ఎత్తి వదిలితే ఆ మడ్డి కొట్టుకుపోతుంది; అప్పటికీ ఆగకపోతే అదే ఒత్తిడి పరిమితి ఉన్న కొత్త వాల్వు వేయించాలి. ప్రెషర్ పంపు పెట్టించిన తర్వాతే కారడం మొదలైతే పైపుకు ప్రెషర్ గేజి తగిలించి చూడాలి. 10 మీటర్ల ఎత్తున్న నీరు సుమారు 1 బార్ ఒత్తిడి ఇస్తుంది, కాబట్టి ఒక అంతస్తు, రెండంతస్తుల ఇంట్లో ట్యాంకు ఒక్కటే 8 బార్ వాల్వును తెరవలేదు. గేజి 3 బార్ దాటి చూపిస్తుంటే, చన్నీళ్లకూ వేడినీళ్లకూ పైపులు చీలే చోటికి ముందే ప్రెషర్ తగ్గించే వాల్వు వేయించడం మేలు. గీజరు వైపు మాత్రమే తగ్గిస్తే మిక్సరులో చన్నీళ్లు వేడినీళ్లను తోసేస్తాయి.

వాల్వు నుంచి పొగలు కక్కుతూ మరిగే నీరు చిమ్ముతుంటే ఇంటి కరెంటు మెయిన్ ఆపి, వాల్వును గానీ కొళాయిని గానీ ముట్టుకోకుండా బయటకు వచ్చేయాలి. పూర్తిగా చల్లారిన తర్వాత థర్మోస్టాటు, కటౌట్ రెండింటినీ మార్పించాలి.

వేడినీటి ధార సన్నబడడం

ముందుగా చన్నీళ్ల కొళాయిని తిప్పి చూడాలి. రెండూ సన్నగా వస్తే తప్పు గీజరుది కాదు, ట్యాంకు ఎత్తుది. డాబా శ్లాబు మీదే ట్యాంకు పెట్టిన ఇంట్లో షవరు మూతికీ నీటి మట్టానికీ మధ్య 2 మీటర్ల తేడా ఉంటే దక్కేది 0.2 బార్ మాత్రమే. ట్యాంకును దిమ్మె మీదికి ఎత్తించడం, కిందికి దిగే ప్రధాన పైపును అంగుళం సైజుకు మార్పించడం పంపు కొనడం కంటే ముందు ఆలోచించవలసిన మార్గాలు. చన్నీళ్లు బాగా వచ్చి వేడినీళ్లే సన్నగా వస్తుంటే సేఫ్టీ వాల్వు లోపలి దారి మడ్డితో నిండిందేమో, గీజరుకు తగిలించిన జడపైపు నలిగిందేమో, వేడినీరు బయటికొచ్చే గొట్టంలో సున్నపు పొర పేరుకుందేమో ఆ వరుసలోనే చూడాలి.

చన్నీళ్ల కొళాయిలో వేడినీళ్లు రావడం

గీజరులోని నీటిని వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వు చెడిపోయింది, లేదా అసలు వేయలేదు. వెంటనే వేయించాలి, ఎందుకంటే మేడ మీద ట్యాంకు ఖాళీ అయినప్పుడు గీజరులోని నీరు కూడా వెనక్కి దిగిపోయి, నీరు లేని తొట్టిలో హీటింగ్ ఎలిమెంట్ కాలిపోతుంది.

నీళ్లు తగిలితే జివ్వుమనడం, ఎంసీబీ పడిపోవడం

జివ్వుమంటే ఆ క్షణం నుంచి గీజరు వాడకం ఆపాలి. ఎలిమెంట్ పైతొడుగు చిట్లి కరెంటు నీటిలోకి, తొట్టిలోకి దిగుతోంది. దాన్ని భూమిలోకి తీసుకుపోవలసిన ఎర్తింగ్ కూడా పనిచేయడం లేదు. ఎలిమెంట్ ఒక్కటే మార్చి ఊరుకుంటే ఈ రెండో లోపం అలాగే ఉండిపోతుంది. బారువ, కళింగపట్నం వంటి తీరపు ఊళ్లలోని ఇసుక నేలలో తేమ ఆరిపోతే ఎర్త్ గుంత పేరుకే మిగులుతుంది కాబట్టి దానికి నీళ్లు పోస్తూ, ఎలక్ట్రీషియన్ చేత కొలిపిస్తూ ఉండాలి. ఎర్తింగ్ లేదని న్యూట్రల్ వైరును గీజరు బాడీకి కలిపే పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకూడదు. ఎక్కడైనా ఆ న్యూట్రల్ తెగితే బాడీ అంతా కరెంటు పారుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు పక్కదారి పడితే సరఫరాను తెంపేసే ఆర్‌సీసీబీ లేని ఇంట్లో గీజరు కంటే ముందు దాన్ని పెట్టించాలని నా గట్టి అభిప్రాయం. దాని మీది టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కి చూడాలి.

ఎంసీబీ పడిపోతుంటే అది మోయగలిగిన బరువును లెక్క చూసుకోవాలి. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. 16 ఆంపియర్ల సాకెట్టు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికంటూ విడిగా ఒక ఎంసీబీ కావాలి. పడిపోతోందని పెద్ద ఎంసీబీ వేస్తే ఈసారి గోడలోని వైరు కాలుతుంది.

నీరు ఆలస్యంగా కాగడం

లోపం గీజరులోనే ఉందని తేల్చే ముందు వోల్టేజీ చూడాలి. 15 లీటర్ల నీటిని 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 2,000 వాట్ల ఎలిమెంట్‌కు సుమారు 18 నిమిషాలు చాలు. వోల్టేజీ 180కి పడిపోతే అదే ఎలిమెంట్ 1,225 వాట్లే ఇస్తుంది, సమయం అరగంటకు చేరుతుంది. సాయంత్రాలు తరచూ ఇలా ఉంటే 1912 నంబరుకు ఫోన్ చేసి విద్యుత్ సంస్థకు తెలపాలి. వోల్టేజీ సరిగా ఉన్నా ఆలస్యమవుతూ, కాగేటప్పుడు టపటపమని చప్పుడు వస్తుంటే ఎలిమెంట్ మీద సున్నపు పొర కట్టింది. బోరు నీటిలో ఉప్పు, సున్నం ఎక్కువగా ఉండే చోట ఏడాదికోసారి దాన్ని శుభ్రం చేయించి, అప్పుడే లోపలి మెగ్నీషియం కడ్డీని కూడా చూపించాలి. తొట్టికి బదులు తాను కరిగిపోవడమే ఆ కడ్డీ పని. అది అరిగిపోయాక తుప్పు పట్టేది తొట్టికే. వేడినీళ్లు ఎర్రగా రావడం ఆ దశకు గుర్తు.

కొత్తగా బిగించేటప్పుడు

నీరు నిండిన 25 లీటర్ల గీజరు బరువు 30 కిలోలు దాటుతుంది. దాన్ని గట్టి ఇటుక గోడకు యాంకర్ బోల్టులతో బిగించాలి గానీ సగం ఇటుక మందం ఉన్న అడ్డుగోడకు కాదు. వేడినీటి వైపు మామూలు పీవీసీ పైపు మెత్తబడి కీళ్ల దగ్గర కారుతుంది. అక్కడ వేడిని తట్టుకునే సీపీవీసీయే వేయాలి. స్విచ్చి స్నానాల గది బయట ఉండాలి. గ్యాస్ గీజరైతే అది కూడా బయటే ఉండాలి, ఎందుకంటే మూసిన గదిలో దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, స్నానం చేస్తున్నవారు స్పృహ తప్పేదాకా ఏమీ తెలియదు. బిగింపు అయ్యాక వేడినీళ్ల కొళాయి తెరిచి ఉంచి తొట్టిని నింపాలి. గాలి బుడగలు ఆగి నీరు ఏకధారగా వచ్చిన తర్వాతే స్విచ్చి వేయాలి.