కంప్యూటర్‌లో బానే ఉంది, టీవీలో వణుకుతోంది: డీవీడీ ఎన్‌కోడింగ్ తిప్పలు

ఎన్‌కోడర్ (వీడియోని డీవీడీ రూపంలోకి మార్చే సాఫ్ట్‌వేర్) తెరవక ముందే సోర్స్ ఫైల్‌ని, ఫైల్ వివరాలు చూపే మీడియాఇన్ఫోలో పెట్టి ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని బొమ్మలు), స్కాన్ టైపు (బొమ్మ పూర్తిగా వస్తుందా, సగం సగంగానా), స్కాన్ ఆర్డర్ (ఏ సగం ముందు), ఆడియో శాంప్లింగ్ రేటు రాసిపెట్టుకోండి. నిమిషం పని. అది వదిలేసి, బిట్‌రేట్‌తో (సెకనుకి వాడే డేటాతో) కుస్తీ పట్టి డిస్కులు తగలేసేవాళ్లే ఎక్కువ. ట్రయల్‌కి చెరిపి మళ్లీ రాయగల ఆర్‌డబ్ల్యూ డిస్కు వాడండి.

యాక్షన్ సీన్లలో గళ్లు పడుతున్నాయి

బిట్‌రేట్ చాలడం లేదు. 4.7 జీబీ డిస్కులో 120 నిమిషాల సినిమాకి సెకనుకి మొత్తం 5,200 కిలోబిట్లు వస్తాయి. ఆడియోకి 192, మక్సింగ్‌కి (రెంటినీ ఒకే ఫైల్లో కలపడానికి) కొంత పోతే వీడియోకి మిగిలేది 4,800. టూ పాస్ వీబీఆర్ (ముందొకసారి అంతా చూసుకుని, కష్టమైన సీన్లకి ఎక్కువ బిట్లు పంచే పద్ధతి) పెడితే చక్కగా వస్తుంది. మూడు గంటల సినిమాని కుక్కితే అది 3,100 దగ్గరికి పడిపోతుంది, గళ్లు రాక ఏమవుతుంది? 8.5 జీబీ డిస్కు తీసుకోండి.

టీవీలో మాత్రమే కదలిక వణుకుతోంది

అసలు దొంగ ఇక్కడున్నాడు: ఫీల్డ్ ఆర్డర్. ఇంటర్లేస్డ్ వీడియోలో ఒక్కో ఫ్రేము లైను విడిచి లైనుగా రెండు సగాలై వస్తుంది, ఆ సగమే ఫీల్డు. పాల్ అనే టీవీ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేములంటే 50 ఫీల్డులు. వరస తారుమారైతే తర్వాత రావాల్సిన ఫీల్డు ముందొస్తుంది. కుడివైపు వెళ్లే కారు ఒకడుగు ముందుకి, ఒకడుగు వెనక్కి ఊగుతుంది. కదలని షాట్లలో ఏ లోపమూ కనబడదు. కంప్యూటర్ ప్లేయర్ రెండు ఫీల్డుల్నీ కలిపేసో, ఒకదాన్ని పారేసో చూపిస్తే అక్కడా బయటపడదు. దాంతో అందరూ డిస్కుని తిట్టుకుంటారు.

డీవీ క్యామ్‌కార్డర్ టేపుల్లో కింది ఫీల్డు ముందు, 1080ఐలో (హెచ్‌డీ ఇంటర్లేస్డ్ వీడియోలో) పై ఫీల్డు ముందు. ఎన్‌కోడర్‌లో ముందే ఉన్న సెట్టింగ్‌ని అలాగే వదిలేస్తే దెబ్బ పడేది అక్కడే. ఇంకో దారి మరీ మోసం: నల్ల పట్టీలు కోసేటప్పుడు పైనుంచి 72 బదులు 71 లైన్లు కోస్తే చాలు, వరస తిరగబడుతుంది. మీడియాఇన్ఫో మాత్రం అంతా సరిగ్గానే ఉందంటుంది, ఎందుకంటే అది చదివేది ఫైల్లో రాసున్న గుర్తుని, బొమ్మని కాదు. బొమ్మని చూసి చెప్పేది ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో టూల్‌లోని ఐడెట్ ఫిల్టర్. తయారైన ఫైల్‌ని వీఎల్‌సీలో డీఇంటర్లేస్ (ఫీల్డుల్ని పూర్తి ఫ్రేములుగా మార్చే సెట్టింగ్) ఆన్ చేసి, ఒక్కో ఫీల్డునీ విడిగా చూపే యాడిఫ్ 2ఎక్స్ మోడ్‌లో ఆడించండి. వణుకు అక్కడే కనిపిస్తుంది, డిస్కు మిగులుతుంది.

సోర్స్ ఇంటర్లేస్డ్ అయితే అదే ఆర్డర్‌లో ఎన్‌కోడ్ చేయండి, పైనా కిందా కోత 4 గుణిజాల్లోనే ఉండాలి. ప్రోగ్రెసివ్ (ఫ్రేము మొత్తం ఒకేసారి వచ్చేది) అయితే ప్రోగ్రెసివ్ అనే పెట్టండి. గుర్తు ఒక్కటే తప్పయితే దాన్ని దిద్దితే సరిపోతుంది, మళ్లీ ఎన్‌కోడ్ అక్కర్లేదు. 1080ఐని ప్రోగ్రెసివ్ అనుకుని డీవీడీ కోసం 576 లైన్లకి కుదించి ఉంటే మాత్రం ఫీల్డులు కలిసిపోయాయి, ఏ సెట్టింగూ కాపాడదు. సోర్స్ నుంచి మళ్లీ మొదలెట్టాల్సిందే.

మాట, పెదవులు పోనుపోను తప్పుతున్నాయి

సెకనుకి 23.976 ఫ్రేముల వీడియోని 25కి వేగం పెంచి, ఆడియోని అలాగే ఉంచారు. రెండు గంటల సినిమాకి దాదాపు ఐదు నిమిషాల తేడా వస్తుంది. ఆడియోనీ అంతే నిష్పత్తిలో పెంచండి.

మిగతావి

ముఖాలు సాగితే, బొమ్మ వెడల్పు ఎత్తుల నిష్పత్తి చెప్పే 16:9 గుర్తు చూడండి. ఆడియో 44.1 ఉంటే 48 కిలోహెర్ట్జ్‌కి మార్చండి. మధ్యలో ఆగిపోతుంటే వీడియో గరిష్ఠ బిట్‌రేట్ 8,000కి దించండి. స్టాండర్డ్ 9,800 దాకా ఒప్పుకున్నా, రాసిన డిస్కుల్ని అంత వేగంగా చదవలేని ప్లేయర్లున్నాయి. రీజియన్ కోడ్ (డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో కట్టడి చేసేది) గురించి బెంగ వద్దు, మీరు పెడితే తప్ప అది ఉండదు.