తైవాన్ రక్షణలో లోపాలు: ఎక్కడ, ఎందుకు, ఏం చేయాలి

చైనా దండెత్తితే తైవాన్ నిలబడుతుందా అని ఎవరైనా అడగ్గానే ఓడకు ఓడ, విమానానికి విమానం లెక్క మొదలవుతుంది. ఆ లెక్కలో 2.3 కోట్ల మంది ఉన్న దీవి 140 కోట్ల దేశంతో ఎప్పటికీ తూగదు, దాన్ని పక్కన పెట్టండి. చైనాకూ తైవాన్‌కూ మధ్య ఉన్న జలసంధి బాగా ఇరుకైన చోట కూడా దాదాపు 130 కిలోమీటర్లు ఉంటుంది, దాడికి వచ్చేవాడు మనుషుల్నీ మందుగుండునీ ఇంధనాన్నీ తిండినీ అన్నీ ఆ నీళ్ల మీదుగానే మోసుకురావాలి. 1944లో జపాన్ చేతిలో ఉన్న ఈ దీవి మీద దిగాలని ప్లాన్ వేసుకున్న అమెరికా కూడా చివరికి మానుకుంది. అసలు లోపాలు వేరే చోట్ల ఉన్నాయి.

సమస్య: ఖరీదైన ఆయుధాలు ఉన్నా భరోసా లేకపోవడం

కారణం: పెద్ద వస్తువుల మీద మోజు. అమెరికా నుంచి 66 ఎఫ్-16 ఫైటర్ విమానాలు, 108 అబ్రామ్స్ ట్యాంకులు ఆర్డర్ చేశారు. ఎంత మంచి విమానమైనా రన్‌వే మీద క్షిపణి పడితే లేవదు. రోజూ దగ్గరికొచ్చి కవ్వించే చైనా విమానాలకు ఎదురెళ్లడానికి ఫైటర్లు కావాలి, అది కాదనను, కానీ డబ్బంతా అటే పోకూడదు.

ఏం చేయాలి: 1949 అక్టోబర్ 25 తెల్లవారుజామున, చైనా తీరానికి దగ్గర్లోనే ఉన్నా తైవాన్ చేతిలో ఉన్న కిన్మెన్ దీవిలో ఏం జరిగిందో చూడండి. దాదాపు 9 వేల మంది చైనా కమ్యూనిస్టు సైనికులు ఎక్కువగా చేపల పడవల్లోనే వచ్చి ఆ దీవిలోని గునింగ్‌టౌ దగ్గర దిగారు. ఈలోగా పోటు తీసేసింది, పడవలు ఇసుకలో కూరుకుపోయాయి, రక్షకులు వాటిని తగలబెట్టేశారు. అవతలి ఒడ్డున పెద్ద బలగం సిద్ధంగా ఉన్నా దాన్ని తేవడానికి పడవలు మిగల్లేదు. మూడు రోజుల్లో కథ అయిపోయింది. అంటే కొట్టాల్సింది పడవల్ని. ఈ రోజుల్లో ఆ పనికి లారీల మీద అటూ ఇటూ తిప్పుకునే, ఓడల్ని కొట్టే హార్పూన్, హ్సియుంగ్ ఫెంగ్ క్షిపణులు, సముద్రపు మైన్లు, చిన్న డ్రోన్లు పనికొస్తాయి, ఒకటి పోయినా పక్కన ఇంకోటి ఉంటుంది. 2017-19లో సైన్యాధిపతిగా ఉన్న అడ్మిరల్ లీ హ్సీ-మిన్ చెప్పింది ఇదే, ఆయన దిగిపోయాక మాత్రం ఆ ఊపు తగ్గింది.

సమస్య: సైనికులు ఉన్నారు, శిక్షణ లేదు

2013 నుంచి నిర్బంధ సైనిక సేవను 4 నెలలకు కుదించేశారు, తుపాకీ సరిగ్గా పట్టుకోవడం వచ్చేలోగా ఇంటికి పంపేసేవారు. 2024 జనవరి నుంచి మళ్లీ ఏడాది చేశారు. 2025 జులైలో, తైవాన్ సైన్యం ఏటా చేసే హాన్ క్వాంగ్ విన్యాసాలు 10 రోజులు నడిచాయి, దాదాపు 22 వేల మంది రిజర్వు సైనికుల్ని పిలిచారు, సైనికులు విమానాల్ని కూల్చే స్టింగర్ క్షిపణులు భుజాన వేసుకుని తైపే మెట్రోలో వెళ్లారు. అదే సమయంలో సూపర్‌మార్కెట్లలో కూడా వైమానిక దాడి డ్రిల్ పెట్టారు. నాకైతే చాలా నచ్చింది, ఇలాంటివి ఇంకా ఎక్కువ జరగాలి.

సమస్య: నెట్ పోవడం

2023 ఫిబ్రవరిలో చైనా తీరం పక్కనే తైవాన్ చేతిలో ఉన్న మాట్సు దీవులకు ఇంటర్నెట్ మోసే రెండు సముద్రగర్భ కేబుళ్లు కొద్ది రోజుల తేడాతో తెగిపోయాయి. చైనా ఓడల వల్లే తెగాయని తైవాన్ అధికారులు చెప్పారు. దాదాపు 50 రోజులు అక్కడివాళ్లకు సరైన నెట్ లేదు, రిపేర్ ఓడ రావడానికి వారాలు పట్టింది. కేబుళ్లు పెంచాలి, కేబుల్ లేకుండా టవర్ల మీదుగా సిగ్నల్ పంపే మైక్రోవేవ్ లింకులు బలంగా ఉండాలి, శాటిలైట్ కనెక్షన్ ముందే సిద్ధంగా పెట్టుకోవాలి.

సమస్య: ఒక్క సైనికుడు దిగకుండానే దీవి లొంగిపోయే ప్రమాదం

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. తైవాన్ వాడే ఇంధనంలో 95 శాతానికి పైగా ఓడల్లోనే వస్తుంది. కరెంటులో పెద్ద వాటా గ్యాస్‌దే, ఆ గ్యాస్ నిల్వ చట్టం ప్రకారం ఉండాల్సింది 11 రోజులకు. దానికి తోడు చివరి అణు రియాక్టర్‌ను 2025 మే 17న ఆపేశారు. తిండిలో కూడా కేలరీల లెక్కన దాదాపు మూడో వంతు మాత్రమే సొంతం. చైనా ఓడరేవుల చుట్టూ నౌకల్ని నిలబెట్టి కూర్చుంటే, హార్పూన్లు లారీల మీదే ఉంటాయి, ఇళ్లలో మాత్రం లైట్లు ఆరిపోతాయి. అమెరికా సాయం వస్తుందనుకున్నా, తైవాన్‌తో సంబంధాల మీద అమెరికా చేసుకున్న 1979 చట్టం ఆయుధాలు అమ్మడం గురించి చెబుతుంది కానీ యుద్ధానికి వస్తానని మాటివ్వదు, వచ్చినా పసిఫిక్ దాటి రావడానికి రోజులు పడుతుంది.

ఏం చేయాలి: గ్యాస్ ట్యాంకులు పెంచాలి, కానీ అన్నీ రేవు పక్కనే కడితే ఒక్క దెబ్బకు పోతాయి, అందుకే బొగ్గు, డీజిల్ నిల్వలు దీవి అంతటా పంచాలి. ఆసుపత్రులకు, నీటి పంపులకు విడిగా సోలార్, బ్యాటరీలు ఉండాలి. ఆపేసిన రియాక్టర్‌ను మళ్లీ నడపాలా అన్న ప్రశ్న మీద 2025 ఆగస్టులో రెఫరెండం పెడితే, ఔనన్న ఓట్లే ఎక్కువొచ్చినా చట్టం అడిగిన సంఖ్య అందక వీగిపోయింది. నా మటుకు నేను ఆ రియాక్టర్‌ను తిరిగి నడపాలనే అంటాను, ఎందుకంటే ఒకసారి ఇంధనం నింపితే అది ఏడాదికి పైగా నడుస్తుంది, గ్యాస్ ఓడ మాత్రం ప్రతి వారం రావాలి.