పాత అమెరికన్ వెన్న జాడీ: కొనేటప్పుడు, చిలికేటప్పుడు

ఆవకాయ జాడీ ఎరిగినవాళ్లకు ఈ మట్టి కొత్త కాదు. అదే స్టోన్‌వేర్ (బాగా ఎక్కువ వేడిలో గట్టిగా కాల్చిన మట్టి), ఆకారమే వేరు: నిటారుగా, ఎత్తుగా, పక్కల పిడులు, మూత నడుమ కర్ర దూరేంత రంధ్రం. అమెరికాలో పాత సామాన్ల దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతుంది. మీద 4 అని ముద్ర ఉంటే నాలుగు గ్యాలన్లు, అంటే దాదాపు 15 లీటర్లు.

జాడీ మీద వేసిన నీలిరంగు పువ్వు బొమ్మను బట్టి ధర పలుకుతుంది. చిలకాలనుకునేవాళ్లు మాత్రం లోపలికి చూడాలి. అమెరికా ఉత్తరాదిలో జాడీలు కాల్చే బట్టీ వేడి సుమారు 1,200 డిగ్రీల సెల్సియస్ దాటాక బట్టీలోకి ఉప్పు చల్లేవారు. ఆ ఆవిరి మట్టిలోని సిలికాతో కలిసి నారింజ తొక్కలాంటి పూత కడుతుంది. జాడీ లోపలికి ఆవిరి సరిగా చేరదు కాబట్టి అక్కడ న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ బంకమట్టిని ముందే పూసేవారు. ఆ గోధుమరంగు దానిదే. దక్షిణ కరోలినాలోని ఎడ్జ్‌ఫీల్డ్ వైపు ఉప్పు కాదు, బూడిదో సున్నమో కలిపిన మట్టిపూత. ఆకుపచ్చగానో తేనెరంగులోనో కారినట్టు కనిపిస్తుంది.

వేలి కణుపుతో తట్టండి. ఖంగుమనాలి, మొద్దుగా మోగితే బీటను అనుమానించాలి. నీళ్లు నింపి పాత పేపరు మీద రాత్రంతా ఉంచితే చెమ్మ దాగదు. అతుకులు చాలావరకు అల్ట్రావయొలెట్ టార్చి కింద వేరే రంగులో మెరుస్తాయి. బీటవారింది ఎంత చవకైనా వద్దు: అందులోకి దిగిన కొవ్వు ముక్కిపోతుంది, ఆ వాసన కడిగినా పోదు. లోపల పూత లేచినదీ అంతే, గొడుగులు పెట్టుకోవడానికి పనికొస్తుంది.

జాడీలో సగానికి మించి పోయకండి. 4 గ్యాలన్లదానికి 6 లీటర్ల మీగడ చాలు, 13–17 డిగ్రీల చల్లదనంలో. కర్ర అడుగున అడ్డచెక్కలు గానీ చిల్లుల పలక గానీ ఉంటాయి. కవ్వంలా తిప్పడం కాదు, నిమిషానికి 50–60 సార్లు ఎత్తి దించాలి. అడుగుకు మాత్రం బాదకూడదు. అరగంట అటూఇటూ కర్ర బరువెక్కి, చప్పుడు మారుతుంది. వెన్న పెసరగింజంత పూసలుగా తేలగానే ఆపేయండి. ఇంకా చిలికితే ముద్దకట్టి మజ్జిగ లోపలే ఇరుక్కుంటుంది, వెన్న త్వరగా పాడవుతుంది.

నురగ పొంగుతూ వెన్న పడకపోతే మీగడ మరీ చల్లగా ఉన్నట్టు: జాడీని గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కాసేపు ఉంచండి. వెన్న జిడ్డుగా, మెత్తగా వస్తే వేడెక్కినట్టు, ఐసునీళ్లు కలపండి.

మజ్జిగ వంచి, నీళ్లు తేటగా వచ్చేదాకా చల్లనీళ్లతో కడగాలి. ఉప్పు వేస్తే అరకిలోకు 10 గ్రాములు. చల్లని జాడీలో మరిగే నీళ్లు పోయకండి, చిట్లుతుంది. మూత తీసి ఆరబెట్టండి. అసలు మూతలు చాలావాటికి పగిలిపోయి ఉంటాయి. వడ్రంగి చేత చెక్కమూత చేయించుకుంటే సరి.