ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు ఇచ్చేముందు ఇది చదవండి

జార్జియా యూనివర్సిటీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి, ఆటకి డబ్బిచ్చే అగ్రిమెంట్‌ని మధ్యలో వదిలి మిజోరీ యూనివర్సిటీకి మారిపోయిన డేమన్ విల్సన్ నుంచి 3,90,000 డాలర్లు రాబట్టాలని పాత యూనివర్సిటీ అథ్లెటిక్ విభాగం కోర్టుకెక్కింది. 2025 చివర్లో ఆ వార్త వచ్చినప్పటి నుంచి ఇక్కడ అమెరికాలో తెలిసిన తెలుగువాళ్ళంతా నన్ను ఒకటే అడుగుతున్నారు, మన పిల్లలకి కూడా ఇలాంటిది వస్తుందా అని. అంత పెద్ద అగ్రిమెంట్లు మన పిల్లలకి ఎవరూ ఇవ్వరు కాబట్టి ఆ రూపంలో రాదు. వేరే రూపంలో వస్తుంది, ఇప్పటికే వస్తోంది. విల్సన్‌కి లాయర్లున్నారు, కొత్త టీమ్‌లో చోటుంది. టెన్నిస్, గోల్ఫ్ ఆడే మనవాళ్ళు మాత్రం ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ పేర్లుండే ఆన్‌లైన్ జాబితాలోకి, దూకి రెంటికీ చెడ్డ రేవడిలా మిగిలిపోతున్నారు.

మారే స్వేచ్ఛకి నేను వ్యతిరేకిని కాను, అది ముందే చెప్తున్నా. ఎక్కువ జీతం ఇస్తామంటే కోచ్ రాత్రికి రాత్రి వెళ్ళిపోవచ్చు గానీ, ఆడే పిల్లాడు కాలేజీ మారితే ఏడాది పాటు బెంచీ మీద కూర్చోవాలా? కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ ఈ పోర్టల్‌ని 2018లో తెచ్చింది. 2021లో అన్ని ఆటలవాళ్ళకీ ఒక్కసారికి ఆ ఏడాది శిక్ష తీసేశారు. రెండోసారి మారేవాళ్ళ మీద ఉన్న ఆంక్షని 2023 డిసెంబర్లో వెస్ట్ వర్జీనియాలోని ఫెడరల్ కోర్టు ఆపేసింది, 2024 ఏప్రిల్లో ఎన్‌సీఏఏ కూడా దిగొచ్చి, చదువు సరిగ్గా సాగుతుంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చంది. న్యాయమే. కానీ తలుపు తీసినవాళ్ళు అవతల గదిలో కుర్చీ ఉందో లేదో చెప్పరు, అది మనమే చూసుకోవాలి.

గడువు తేదీలు, గ్రేడ్లు, ఫారాలు ఇవన్నీ కాలేజీలో ఆటల రూల్స్ చూసే కంప్లయన్స్ ఆఫీసువాళ్ళే చెప్తారు, నేను రాయను. ఇక్కడున్నదంతా ఎన్‌సీఏఏ పై స్థాయి, డివిజన్ 1 సంగతి.

అసలు తప్పు

పోర్టల్‌ని ట్రయల్ అనుకోవడం. "ఊరికే పేరు పెట్టి చూద్దాం, మంచిది వస్తే వెళ్దాం, లేకపోతే ఇక్కడే ఉందాం." ఈ మాట నేను ఎంతమంది తల్లిదండ్రుల నోట విన్నానో చెప్పలేను. వెనక్కి తీసుకోవచ్చన్నది నిజమే, పేరు తీసెయ్యమని అడగొచ్చు. కానీ తిరిగి తీసుకోవాలా వద్దా అన్నది కోచ్ ఇష్టం. మారతానని రాసిచ్చాక, ఆ టర్మ్ అయ్యేసరికి స్కాలర్‌షిప్ ఆపేసే వీలు కాలేజీకి ఉంటుంది. మీరు పేరు ఇచ్చిన మర్నాడే ఆ కోచ్ కూడా అదే పోర్టల్‌లో మీ చోటుకి ఇంకొకళ్ళని వెతుక్కుంటుంటాడు.

తెలిసిన ఒక కుటుంబంలో ఇదే జరిగింది. అబ్బాయి టీమ్‌లో ఆరో నంబర్ ఆటగాడు, సగం పైగా ఫీజు స్కాలర్‌షిప్పే. ఇంకో కాలేజీ అసిస్టెంట్ కోచ్ నేరుగా కాకుండా, వీడి చిన్ననాటి అకాడమీ కోచ్ ద్వారా "రమ్మనండి, చోటుంది" అని కబురు పెట్టాడు. వీడు పేరు ఇచ్చాడు. ఆ కాలేజీవాళ్ళకి యూరప్ నుంచి ఇంకా మంచి ఆటగాడు దొరికాడు. పాత కోచ్ అప్పటికే చోటు నింపేశాడు. చివరికి అదే కాలేజీలో, టీమ్ లేకుండా, పూర్తి ఫీజు కట్టి చదువుతున్నాడు. ఇందులో వెళ్ళి ఎవర్నీ నిలదియ్యడానికి లేదు, ఎందుకంటే ఎక్కడా కాగితం లేదు.

ఇంకోటి, పేరు పోర్టల్‌లో చేరకముందు వేరే కాలేజీ కోచ్ ఆ పిల్లలతో గానీ, వాళ్ళ తరఫున ఇంకెవరితో గానీ మాట్లాడకూడదు. అది రూల్. రూల్ తప్పి కబురు పంపినవాడు మీకిచ్చిన మాట మీద నిలబడతాడని ఏ ధైర్యంతో నమ్ముతున్నారు? 2024లో యూఎన్‌ఎల్‌వీ (లాస్ వేగస్‌లోని నెవాడా యూనివర్సిటీ) ఫుట్‌బాల్ టీమ్ క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్లూకా, టీమ్ మూడుకి మూడూ గెలిచి ఊపు మీద ఉండగా ఆట మానేశాడు. ఒక అసిస్టెంట్ కోచ్ లక్ష డాలర్లు ఇస్తామన్నాడని, ఆ డబ్బు రాలేదని అతని ఏజెంట్ వాదన. అంత పెద్ద ఆటలోనే నోటిమాట గతి అది.

కాబట్టి పేరు ఇచ్చిన రోజే పాత సీటు పోయిందని లెక్కేసుకోండి. పోయినా ఫర్వాలేదు అనుకుంటేనే ఇవ్వండి.

పైగా ఇప్పుడు చోట్లే తక్కువ. ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో 2025 జూన్‌లో కోర్టు ఒప్పుకున్న రాజీ, అంటే హౌస్ సెటిల్‌మెంట్‌తో, అందులో చేరిన కాలేజీలకి స్కాలర్‌షిప్పుల లెక్క పోయి రోస్టర్ లెక్క, అంటే టీమ్‌లో మొత్తం ఎంతమంది ఉండొచ్చన్న లెక్క, వచ్చింది: ఫుట్‌బాల్‌కి 105, బాస్కెట్‌బాల్‌కి 15, టెన్నిస్‌కి 10. ఆ పదిలో లేకపోతే టీమ్‌లో లేనట్టే. ఇదివరకు సొంత ఫీజుతో, వాక్-ఆన్‌గా, పన్నెండో వాడిగానో పదమూడో వాడిగానో ఉంచేవాళ్ళు. ఆ కాలేజీల్లో ఇప్పుడది కుదరదు.

చదువు సంగతి

మనవాళ్ళలో సగంమంది కంప్యూటర్ సైన్సే కదా. కోచ్ యూనివర్సిటీలో అడ్మిషన్‌కి సాయపడగలడేమో గానీ, ఆ మేజర్‌లో సీటు ఇప్పించలేడు. దానికి మళ్ళీ వేరే పోటీ ఉంటుంది. ఇంకా ముఖ్యమైనది 40-60-80: మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60, ఐదో ఏడాదికి 80 శాతం పూర్తయి ఉండాలి, లేకపోతే ఆడనివ్వరు. ఆ శాతం లెక్కేసేది కొత్త కాలేజీ డిగ్రీ మీద. మీ క్రెడిట్లు అన్నీ తీసుకున్నామంటారు, తీరా చూస్తే సగం ఎలక్టివ్‌ల కింద వేస్తారు, డిగ్రీకి పనికిరావు. "క్రెడిట్లు వస్తాయా" అని అడగొద్దు. "నా డిగ్రీకి ఎన్ని లెక్కలోకొస్తాయి, ఈమెయిల్‌లో రాసివ్వండి" అని అడగండి.

ఇండియా నుంచి వచ్చిన పిల్లలు

టెన్నిస్‌లో సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి, సహజ యమలపల్లి సామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీకి ఆడారు. ఆ దారిలో హైదరాబాద్, విజయవాడ అకాడమీల నుంచి ఇంకా వస్తూనే ఉన్నారు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళకి పోర్టల్‌తో పాటు ఇంకో ట్రాన్స్‌ఫర్ ఉంటుంది, అది సెవిస్ రికార్డుది, అంటే విదేశీ విద్యార్థుల మీద ప్రభుత్వం ఉంచే రికార్డుది. పోర్టల్ సంగతి కోచ్‌కి తెలుసు, సెవిస్ సంగతి తెలియదు. కోచ్ మాట విని క్లాసులు డ్రాప్ చేసి ఇంటికెళ్ళిపోతే స్టేటస్ పోతుంది. కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా కాగితాలు చూసే డీఎస్ఓతో కూర్చుని, ఆ రికార్డు కొత్త కాలేజీకి మారే రోజు, అంటే రిలీజ్ డేట్ పెట్టించుకోవాలి. ఆ తేదీ దాటాక పాత కాలేజీ ఏమీ చెయ్యలేదు. కొత్తచోట చదువు ఐదు నెలల్లోపు మొదలవ్వాలి. అడ్మిషన్ లెటర్ చేతికి రాకుండా రిలీజ్ పెట్టించుకోవద్దు.

ఇక మిగతావి, గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు.

ఇప్పుడున్న కోచ్‌తో ముందు మాట్లాడండి. పేరు ఇచ్చాక కాదు, ముందు. వచ్చే ఏడాది తన లెక్కలో ఉన్నావో లేవో సూటిగా అడిగితే చాలామంది కోచ్‌లు నిజమే చెప్తారు.

ఆడే పిల్లే మాట్లాడాలి. నాన్నగారు ఫోన్ చేస్తే ఆ కోచ్ వినడు సరికదా, పిల్ల మీద ఇంకో అభిప్రాయం ఏర్పడుతుంది.

స్కాలర్‌షిప్ ఎంత, ఎన్నేళ్ళకి, ఏ ఖర్చులకి అన్నది ఫైనాన్షియల్ ఎయిడ్ అగ్రిమెంట్‌లో ఉండాలి. టెక్స్ట్ మెసేజ్ అగ్రిమెంట్ కాదు.

కొత్తచోటు ఖాయమయ్యేవరకు అపార్ట్‌మెంట్ లీజు వదలొద్దు.

దేని మీద సంతకం పెట్టినా మధ్యలో వెళ్ళిపోతే ఎంత కట్టాలో రాసిన పేరా ముందు చదవండి. విల్సన్ గొడవంతా ఆ పేరా మీదే.

ఎఫ్-1 మీద ఉండి డబ్బు తీసుకుని ప్రకటన చెయ్యొద్దు, షూ కంపెనీది అయినా, ఊళ్ళో బిర్యానీ హోటల్‌ది అయినా. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా అస్సలు వద్దు.

ఫలానా వాళ్ళబ్బాయి మారి బాగుపడ్డాడని మీరు మారొద్దు. బాగుపడినవాళ్ళే ఫోటోలు పెడతారు.

సహాయం చేస్తానని కమిషన్ అడిగేవాడిని ఇంటి గడప ఎక్కనివ్వొద్దు.

ఓడిపోయిన రాత్రి ఈమెయిల్ రాయొద్దు. రాతపూర్వకంగా అడిగితే రెండు పనిదినాల్లో పేరు ఎక్కించేస్తారు, మీ కోపం చల్లారేవరకు ఎవరూ ఆగరు.

మళ్ళీ చెప్తున్నా, పేరు ఇచ్చిన రోజే పాత సీటు పోయింది. పంపేముందు కాగితం తీసుకుని రాయండి: ఆగస్టుకి ఎక్కడా చోటు దొరక్కపోతే చదువు ఎక్కడ, ఫీజు ఎంత, ఎవరు కడతారు, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది. నాలుగింటిలో ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ ఈమెయిల్ పంపొద్దు.